పైపు వెనక నీడ

కూతురు తన తల్లి చేతి పనిని గీకి పారేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఒక చేత హీట్ గన్, ఇంకో చేత లప్పం పట్టే రేకు పట్టుకుని, నాలుగు రోజుల పాటు కారు అడుగున ఉన్న నల్ల పూతనంతా ఊడదీసింది. దానితో రెండు రేకు డబ్బాలు నిండాయి. ఐదో రోజు పొద్దున చెత్త బండి వచ్చి ఆ డబ్బాలను ఎత్తుకుపోయింది.

అది తల్లి కొట్టిన పూత అని ఆమెకు తెలియదు. తెలిసిన తండ్రి చెప్పలేదు. అయినా తప్పు కూతురిదేనని తేల్చుకున్నాడు. తేల్చుకుని మూడు వారాలైంది.

అది రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. నలభై ఏళ్ళ నాటిది. దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. ఆయన అక్కడ పూతల సెక్షన్‌కు ఫోర్‌మన్. వెనకాల అందరూ ఆయన్ని ‘స్కేలు’ అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందులో తప్పేముందో మాత్రం ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆ పొద్దున కూడా ఎప్పటిలాగే కాఫీ గ్లాసు పట్టుకుని పై గదిలోంచి గ్యారేజీలోకి దిగాడు. తలుపు దగ్గర స్టూలు మీద, కారుకు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. అల్లుడు కారు తలుపు రేకు మీద సొట్ట తీస్తున్నాడు. సుత్తి ఆపి అన్నాడు:

“మామయ్యా, స్టూలు ఇటు తిప్పుకోండి. కారేం కరవదు.”

“వీధి ఎవరి పనీ పాడుచెయ్యదు.”

“అమ్మయ్య, మాట్లాడారు! ఇంకో మూడు వారాల దాకా దీనితో సరిపెట్టుకుంటాం.”

కూతురు నవ్వలేదు. కారు కింద నుంచి చెక్క బండి మీద జారుతూ బయటికి వచ్చింది. మొహం నిండా నల్ల చుక్కలు. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు లోపలికి పోయాయి.

ఆమె తంటా అంతా ఆ పూతతోనే. కారు యజమాని పళ్ళ డాక్టరు. పాత కార్ల పోటీలో పెట్టాలని ఆయన ముచ్చట. ఆ పోటీలో తీర్పరులు టార్చిలు పట్టుకుని కారు కింద వెల్లకిలా పడుకుంటారు. అడుగు పూత ఫ్యాక్టరీలో ఎలా పడిందో అలాగే ఉండాలి. అంతకన్నా బాగున్నా మార్కులు పోతాయి.

మొదటిసారి ఆమె నున్నగా, ఎక్కడా ఒక్క మరక లేకుండా కొట్టింది. డాక్టరు తన జేబులోంచి పళ్ళు చూసే పొడుగు కాడ అద్దం తీసి, మడ్‌గార్డు లోపల పెట్టి చూశాడు. “చాలా బాగుందమ్మా. అదే చిక్కు” అన్నాడు. ఆయన వెళ్ళాక అల్లుడు, “కారును నోరు తెరవమనలేదు, అంతవరకు నయం” అన్నాడు. రెండోసారి కావాలని అడ్డదిడ్డంగా కొట్టింది. అది ఎవరో కోపంతో విసిరికొట్టినట్టు వచ్చింది. మూడోసారి గీకేముందు తీసిన ఫొటోలు గోడకు అంటించుకుని, చుక్కా చుక్కా చూస్తూ కొట్టింది. అన్నీ కుదిరాయి, ఒక్కచోట తప్ప.

ఆ ఒక్క ఫొటో పట్టుకుని తండ్రి ముందు వచ్చి నిలబడింది.

“నాన్నా, ఒక్కటి చెప్పు. వెనక మడ్‌గార్డు లోపల, బ్రేకు పైపు ఉందే, దాని చాటున పూత పడని గీత ఒకటి ఉంది. పైపు నీడలాగా. ఫొటోలో అది పైపుకు కుడి పక్కన ఉంది. నేను కొడితే ఎడమ పక్కన వస్తోంది. అవతలి వైపు నుంచి కొడదామంటే ఇరుసు అడ్డం, మనిషి పట్టదు. మరి వాళ్ళెలా కొట్టారు?”

ఆయన కాఫీ తాగాడు.

“నీ సెక్షనే కదా నాన్నా. నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?”

“తెలుసుకోవాలంటే గీకకుండా ఉండాల్సింది.”

“పూత కింద రేకు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తోంది. గీకకపోతే ఏం చెయ్యను? నువ్వైనా గీకేవాడివి.”

“నేను గీకేవాణ్ణి కాదు.”

“ఎందుకని?”

ఆయన గ్లాసులోకి చూశాడు. అందులో ఏమీ లేదు.

కూతురు ఫొటోను ఆయన ఒళ్ళో పెట్టింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే భయపడాలని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

“ఈ కారు గేట్లోకి వచ్చిన రోజు నువ్వు టార్చి పట్టుకుని దాని కింద పడుకున్నావు. అరగంట. నేను చూశాను. తర్వాత లేచి, చేతులు కడుక్కుని పైకి వెళ్ళిపోయావు. నీకేదో తెలుసు. నేను నాలుగు రోజులు గీకాను. నువ్వు పైన కూర్చుని ఆ చప్పుడు విన్నావు. ఆగు అని ఒక్క మాట అనడానికి నీకు నోరు రాలేదు. ఇప్పుడు నాకు వీపు చూపించి కూర్చున్నావు.”

“నా ఇష్టం.”

“అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఇదే వరస. నేనేం చేసినా తప్పే. ఆ తప్పేంటో మాత్రం చెప్పవు. నాకు ఓపిక అయిపోయింది నాన్నా. మధ్యాహ్నం డాక్టరు గారు వస్తారు. నా వల్ల కాదని చెప్పి కారు తీసుకుపొమ్మంటాను. నువ్వు ఆ స్టూలు ఎటు తిప్పుకున్నా నీకు ఏ అడ్డూ ఉండదు.”

ఆమె వెనక్కి తిరిగి, గోడకు అంటించిన ఫొటోలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. జిగురు కాగితం ఊడే చప్పుడు ఆయన వీపుకు తగిలింది. పైగదిలో నాలుగు రోజులు విన్న చప్పుడు లాంటిదే. అప్పుడు ఆపలేదు. ఆగు అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఇంకొకటి అడుగుతుంది. ఆ ఇంకొకటికి భయపడి నోరు మూసుకున్నాడు. నేరం మాత్రం ఆమె మీద వేశాడు.

నాలుగో ఫొటో ఊడింది.

“ఎడమ చెయ్యి” అన్నాడు.

“ఏంటి?”

“కొట్టినవాళ్ళది ఎడమ చేతి వాటం. పూత కొట్టే గన్ ఎడమ చేతిలో ఉంటే పూత అటు నుంచి పడుతుంది. నీడ ఇటు పడుతుంది.”

అల్లుడు ఊరుకోలేకపోయాడు. “మరి ఫ్యాక్టరీలో ఎడమ చేతి వాళ్ళు ఎంతమంది ఉండేవాళ్ళు మామయ్యా?”

“అడుగు పూత కొట్టే గుంతలో ఒక్కరే. మీ అత్తగారు.”

కూతురు చేతిలో ఫొటోలు అలాగే ఉండిపోయాయి.

“అమ్మ సీట్లు కుట్టే సెక్షన్ కదా?”

“మొదట్లో. తర్వాత నాలుగేళ్ళు గుంతలో. తల మీదుగా కారు వస్తుంది, కింద నిలబడి పైకి కొట్టాలి. మూడు నిమిషాలకు గంట మోగుతుంది. తర్వాతి కారు వస్తుంది. ఆ పనికి ఎవరూ రాలేదు. ఎవరి భార్యను వేసినా నన్ను ఆడిపోసుకుంటారు. నా భార్యను వేస్తే ఎవరూ నోరెత్తరు.” కాస్త ఆగాడు. “నేనే వేశాను.”

“అమ్మ జుట్టులో తారు వాసన వచ్చేది” అంది కూతురు మెల్లగా. “నీ చొక్కాలు ఉతికి ఉతికి అలా అయిందనుకునేదాన్ని.”

ఆయన లేచాడు. ఇక అయిపోయిందనుకున్నారు వాళ్ళిద్దరూ. మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ట్రంకు పెట్టె మూత తెరుచుకున్న చప్పుడు వినిపించింది. దిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది. కూతురి చేతికిచ్చి పక్కకు తిరిగాడు.

తల్లి చేతిరాత. ఎడమ వైపుకు వాలిన అక్షరాలు.

‘గౌరవనీయులైన ఫోర్‌మన్ గారికి. గుంతలో పని వల్ల రెండు నెలలుగా దగ్గు తగ్గడం లేదు. పాప చిన్నది. నన్ను మళ్ళీ సీట్ల సెక్షన్‌కు మార్చవలసిందిగా మనవి.’

కింద సంతకం. దాని పైన ఏ ముద్రా లేదు, జవాబూ లేదు.

“ఒకే ఇంట్లో ఉంటూ నీకు ఉత్తరం రాసిందా?”

“ముందు ఇంట్లోనే అడగబోయింది. ఇంట్లో ఆఫీసు మాటలు వద్దన్నాను. అందుకని ఆఫీసుకు రాసింది.”

“నువ్వేం చేశావు?”

“డెస్కు సొరుగులో పెట్టాను. పెళ్ళానికి ఒక న్యాయం, మిగతావాళ్ళకు ఒక న్యాయం అంటారని. రెండున్నరేళ్ళు సొరుగులోనే ఉంది. ఆ గుంత మూసేసేదాకా ఆమె అందులోనే ఉంది. మళ్ళీ అడగలేదు.”

“ఆ దగ్గు చివరిదాకా పోలేదు.”

“పోలేదు.”

కూతురు కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచింది. ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. అదైతే ఇంకా నయం.

“నేను పూత ఒక్కటే గీకాను నాన్నా” అంది.

ఆయన స్టూలు కోసం చెయ్యి చాచాడు. అల్లుడు పరుగున వచ్చి స్టూలు జరిపాడు, గబుక్కున కూర్చోబెట్టాడు. ఈసారి ఆయన మొహం కారు వైపే ఉంది. వీధిలో ఎవరిదో సైకిలు గొలుసు ఊడినట్టుంది, తిట్టుకుంటూ పోయాడు.

“డబ్బాను వేణ్ణీళ్ళలో పెడుతున్నావా?” అని అడిగాడు చివరికి.

“ఆఁ. పల్చబడుతుందని.”

“పెట్టకు. ఇది పొద్దుటి కారు. పొద్దున ఫ్యాక్టరీలో పూత డ్రమ్ము చల్లగా ఉంటుంది, పూత గింజలు గింజలుగా పడుతుంది. మధ్యాహ్నం కార్లకైతే నున్నగా జారేది. నీ ఫొటోలోనే ఉంది, చూడు. గింజ ఎంత లావుందో.”

ఆమె చూసింది. తల ఊపింది. వేణ్ణీళ్ళ తొట్టిలోంచి డబ్బా తీసి నేల మీద పెట్టింది. అది చల్లబడేదాకా మడ్‌గార్డులోని కొత్త పూతను కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిచేసింది. అల్లుడు ఎవరూ చెప్పకుండానే బోల్టు రంధ్రాల్లో పూత పడకుండా గుండ్రటి కాగితాలు అంటించాడు.

“గన్ ఎడమ చేతికి మార్చు” అన్నాడు ఆయన.

“నాకు ఎడమ చెయ్యి తిరగదు నాన్నా.”

“తిరిగేది. బడిలో వేసిన ఏడు నీ ఎడమ మణికట్టుకు జేబురుమాలు కట్టేవాణ్ణి. నేనే మాన్పించాను.”

ఆమె ముసుగు వేసుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళను ఆయన ఎక్కువసేపు చూడలేకపోయాడు. ఆయన గడియారం చేతిలో పట్టుకుని స్టూలు దిగి, కారు పక్కన నేల మీద, నొప్పిని నోట్లోనే నొక్కుకుంటూ పడుకున్నాడు.

“మూడు నిమిషాలు. మధ్యలో ఆపకు. వెనక్కి వెళ్ళి దిద్దకు. మీ అమ్మకు దిద్దే తీరిక ఉండేది కాదు.”

కంప్రెసర్ గుర్రుమంది. ఎడమ చెయ్యి మొదట తడబడింది. ఒకచోట పూత ఎక్కువై బొట్టు కట్టింది. ఆమె ఆగబోయింది. “ఉండనీ” అన్నాడు. తర్వాత చెయ్యి దారిలో పడింది. మోచేయి పైకెత్తి మణికట్టును లోపలికి విరిచే ఆ తీరు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆయన గడియారం చూడటం మరిచిపోయాడు.

గన్ ఆగాక ఆయన కూడా కారు కిందికి జరిగాడు, ఇద్దరూ టార్చి వేసి చూశారు. గింజలు లావుగా, ఎగుడుదిగుడుగా పడ్డాయి. బ్రేకు పైపుకు కుడి పక్కన, వేలెడు వెడల్పున, పూత పడని గీత.

కూతురు ముసుగు తీసింది. మొహం తడిసిపోయి ఉంది. ఆయన వేలు గీత దాకా వెళ్ళి, ముట్టుకోకుండా ఆగిపోయింది. తడి పూత పాడవుతుందని కాదు.

“తప్పు నాది” అన్నాడు. “నువ్వు గీకావని అనడం కూడా.”

ఆమె ఆయన చేతిని పట్టుకుంది. నల్లటి వేళ్ళు. ఆయన చొక్కా పాడైంది, చూసుకోలేదు. ఇద్దరూ అలాగే కారు కింద, పక్కపక్కన, పైకి చూస్తూ పడుకున్నారు. అల్లుడి చెప్పులు దూరంగా వెళ్ళిపోయాయి.

“నాన్నా, ఆ కాగితం సంగతి అమ్మ తర్వాత ఎప్పుడైనా...”

“అనలేదు. నేనూ అనను. నువ్వు అడిగావు, చెప్పాను. కాగితం నీ దగ్గరే ఉంచుకో. నేను బతికున్నంత వరకు ఆ మాట ఇంకెప్పుడూ నా నోట రాదు.”