రెండో పేరు లేని కొంగలు

ఏడు వాగులు దాటి, ఎనిమిదో వాగులో కాళ్ళు కడుక్కుని తలెత్తితే కనిపించే రాజ్యం పేరు తుంగవరం. దాన్ని కుంభసేన మహారాజు పాలించేవాడు. ఆయన సింహాసనం మీద కూర్చున్నంతసేపూ పక్కన ఒక సేవకుడు తెల్లగొడుగు పట్టుకుని నిలబడేవాడు. అది రాజసం కోసం కాదు. కొలువుకూటం పైకప్పు కారుతూ ఉండేది. దాన్ని బాగుచేయడం వచ్చినవాడు రాజ్యంలో ఒక్కడూ లేడు.

పైకప్పు సంగతి అలా ఉంచండి. ఆస్థాన వైద్యుడికి తొంభై ఏళ్ళు. పంటినొప్పికీ, గుర్రం కుంటుకీ, మహారాణిగారి తలనొప్పికీ ఆయన ఇచ్చే మందు ఒకటే, అల్లం కషాయం. దాన్ని ఉమ్మేసే ధైర్యం గుర్రం ఒక్కదానికే ఉండేది. ఏటా వరదకు వాగుకట్ట తెగేది. జనం ఏటా ఆ గండిని గడ్డిమోపులతో పూడ్చేవారు. ఏటా ఆవులు వచ్చి ఆ గడ్డి మేసి పోయేవి.

మరి రాజ్యంలో పడుచువాళ్ళంతా ఏమయ్యారంటారా? కొంగలయ్యారు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పదహారో ఏడు వచ్చిన పిల్లలు ఒక తాటాకు మీద తాము చదవదలచిన గురుకులం పేరు రాయించుకుని, దాన్ని దండచేతికి కట్టుకుని బయలుదేరాలి. ఆకు మీద పేరు లేని గురుకులం వాళ్ళని చేర్చుకోదు. ఆకు పొడుగ్గానే ఉంటుంది, పది పేర్లయినా పడతాయి. కానీ తుంగవరం వాళ్ళు ఒక్క పేరే రాయించేవారు. రెండో పేరు రాస్తే మొదటిదానికి కోపం వస్తుందని వాళ్ళ నమ్మకం. ఆ ఒక్క పేరూ అందరిదీ ఒకటే, హేమగిరి గురుకులం. దానికి బంగారు తలుపులున్నాయి. అక్కడ ఏం నేర్పుతారని ఎవరైనా అడిగితే, "హేమగిరి అండీ!" అని గుడ్లురిమేవారు. గురుదక్షిణ ఎంతని అడగడమైతే పెద్దల ముందు కాళ్ళు చాపుకుని కూర్చోవడంతో సమానం.

హేమగిరి తలుపు ఏ ఒక్కరికో తెరుచుకునేది. మిగిలినవాళ్ళు ఆ తలుపు ముందున్న మడుగులో కొంగలై, ఒంటికాలి మీద నిలబడిపోయేవారు. యువరాజు విజయదత్తుడు కూడా రెండేళ్ళుగా అక్కడే నిలబడి ఉన్నాడు. అతనితోపాటే వెళ్ళిన అప్పన్న కూడా అక్కడే ఉన్నాడు.

అప్పన్న తుంగచాపలు అల్లే దాలయ్య కొడుకు. పక్కవీధిలో గేదె తుమ్మినా లేచి వెళ్ళి దాని వీపు నిమిరి వచ్చే మనిషి. చాపమగ్గానికి ఇద్దరు కావాలి. ఒకరు తుంగపుల్ల దూర్చాలి, ఒకరు అది బిగిసేలా అచ్చు కొట్టాలి. అప్పన్న వెళ్ళాక దాలయ్య ఒక్కడే ఈ చివర పుల్ల దూర్చి, లేచి ఆ చివరికి వెళ్ళి దాన్ని లాగి, మళ్ళీ ఇటు వచ్చి అచ్చు కొట్టేవాడు. చూసేవాళ్ళకి మగ్గం చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నట్టు ఉండేది. కూతురు మంగతాయి సాయం పడుతూనే ఉంది గానీ, ఇప్పుడు ఆమెకీ పదహారో ఏడు వచ్చింది. వాగు నీటిని అదుపులో పెట్టే విద్య నేర్చుకోవాలని ఆమె కోరిక. ఎందుకంటే ఏటా వరదకి ముందు మునిగేది వాళ్ళ ఇల్లే. అన్నని తీసుకురావాలన్నది రెండో కోరిక. నిజానికి అదే మొదటిది.

ఆమె ఊరి ఒజ్జ దేవరయ్యగారి దగ్గరకు వెళ్ళింది. ఆయనే పిల్లలందరికీ ఆకులు రాసి ఇచ్చే గురువు. ఒకప్పుడు నాలుగు మాటల్లో చెప్పేదాన్ని ఆయన ఈ మధ్య రెండు మాటల్లో చెబుతున్నారు.

"ఏ పేరు రాయను, అమ్మాయ్?"

"ఏదీ వద్దు, ఒజ్జగారూ. ఖాళీ ఆకు కట్టండి. నేనే నాలుగు చోట్లా తిరిగి చూసి రాసుకుంటాను."

ఆయన లోపలికి వెళ్ళి, పాతగుడ్డలో చుట్టిన గంటం తెచ్చారు.

"ఇది తీసుకెళ్ళు. దీనితో నేను ఒకే ఒక్క పేరు రాశాను. మా కలువ ఆకు మీద."

కలువ ఆయన కూతురు. హేమగిరి మడుగులో కుడివైపు మూడో కొంగ. పోయిన ఎండాకాలం మడుగు అడుగంటినప్పుడు ఆ కొంగ చనిపోయింది. ఇప్పుడు ఆ వరసలో మూడో చోటు ఖాళీ. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. మంగతాయి గంటం అందుకుని కళ్ళకద్దుకుంది.

"ప్రతి తలుపు దగ్గరా మూడు ప్రశ్నలు అడుగు," అన్నారు ఒజ్జగారు. "ఇక్కడ ఏం నేర్పుతారు? నాలాంటివాళ్ళని ఎంతమందిని చేర్చుకున్నారు? నా దగ్గర ఏం పుచ్చుకుంటారు? అడగడానికి సిగ్గుపడకు."

మంగతాయి ఖాళీ ఆకుతో వీధిలో నడుస్తుంటే అరుగుల మీద నవ్వులే నవ్వులు. "ఓసేయ్ మంగతాయీ! ఖాళీ ఆకేంటే? బెల్లం కట్టించుకోడానికా?" అంది పెరుమాళ్ళమ్మ.

"వచ్చేటప్పుడు నీకూ అచ్చు బెల్లం తెస్తాలే అత్తా," అని మంగతాయి అడవిలోకి నడిచింది.

మూడు రోజులు నడిచాక నీలికోన గురుకులం వచ్చింది. గుమ్మంలో గండశిలుడనే రాక్షసుడు నేల మీద పడుకుని మూలుగుతున్నాడు. అతని నెత్తిన ఒక బల్ల వేలాడుతోంది: "గురుదక్షిణ ఏడు ఏనుగులు. దంతాలతో సహా."

"ఎవత్తివే నువ్వు? నిన్ను నమిలేస్తా!" అన్నాడు రాక్షసుడు, పడుకునే.

"తర్వాత నములుదురుగాని. ముందు నేను అడిగినవాటికి జవాబు చెప్పండి. ఇక్కడ ఏం నేర్పుతారు?"

రాక్షసుడు మోచేతి మీద లేచాడు. "నీళ్ళ విద్య. నీరు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో."

"కట్టలూ, తూములూనా?"

"కట్టలూ, తూములూ, కారని పైకప్పులూ."

మంగతాయి ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఎంతమందిని చేర్చుకుంటారు?"

"పదిమంది వస్తే నలుగుర్ని. వచ్చే పున్నమికి పరీక్ష. బురద చూసి ముక్కు మూసుకునేవాళ్ళని మేం రానివ్వం."

"మరి నా దగ్గర ఏం పుచ్చుకుంటారు?"

రాక్షసుడు ఆమె వంక నోరు తెరుచుకుని చూశాడు. ఆ నోట్లో ఒక దూడ పట్టేంత చోటుంది. "ఏమన్నావూ?"

"బల్ల మీద ఏడు ఏనుగులని ఉంది. మా ఇంట్లో ఏడు కోళ్ళు కూడా లేవు. నాకెంతో చెప్పండి."

గండశిలుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పదకొండేళ్ళయింది తల్లీ, ఈ గుమ్మంలో కూర్చుని. ఏనుగులు లేని ప్రతివాడూ బల్ల చదవడం, పరుగెత్తడం. ఆగి అడిగిన పాపాన ఒక్కడు పోలేదు." అని లేచి బల్లని వెనక్కి తిప్పాడు. అక్కడ చీమ అక్షరాల్లో రాసి ఉంది: "ఏనుగులున్నవాళ్ళకి ఏనుగులు. లేనివాళ్ళకి వాళ్ళు ఇవ్వగలిగింది."

"ఇదే ముందువైపు పెట్టొచ్చు కదండీ!"

"నేనూ అదే అన్నాను. ఏడు ఏనుగులంటే గొప్పగా ఉంటుందని మా పెద్దగురువుగారు..."

"ఆ గొప్ప చూసేగా అందరూ పారిపోయింది! సరే, మాది చాపలల్లే ఇల్లు. మేం ఏమివ్వాలి?"

రాక్షసుడు నడుము పట్టుకుని సిగ్గుపడ్డాడు. "రాతినేల మీద పడుకుని నడుం పట్టేసిందమ్మా. ఏడాదికి ఒక చాప చాలు. కాస్త పెద్దది."

మంగతాయి అక్కడే కూర్చుని ఆకు మీద నీలికోన అని రాసింది. ఎందుకైనా మంచిదని అతని ఎత్తు జానలతో కొలుచుకుంది. ముప్పైరెండు జానలు వచ్చింది.

అక్కడి నుంచి తాబేలుగుట్టకు వెళ్ళింది. ఆ గురుకులానికి గురువు మూడువందల ఏళ్ళ తాబేలు. మొదటి ప్రశ్న పొద్దున్న అడిగితే మధ్యాహ్నానికి "ప..." అంది. మంగతాయి పక్కనున్న రేగుపళ్ళు కోసుకుతిని, ఓ కునుకు తీసి లేచేసరికి "...శు వైద్యం" అని పూర్తిచేసింది. గురుదక్షిణ ఏమీ లేదు. రోజూ గురువుగారిని ఎత్తుకుని వాగు దాకా స్నానానికి తీసుకెళితే చాలు. తిండీ నీడా ఉచితం.

ఉచితం అనగానే మంగతాయి గంటం తీసింది. తీసి ఆగింది. ఆమెకి గేదెల మీద కోపం లేదు గానీ, వాటి పొట్టలో చెయ్యి పెట్టి దూడని తియ్యాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఉచితమని వెళ్ళి ఇష్టం లేని విద్య నేర్చుకుంటే మధ్యలో పారిపోతానని ఆమెకి తెలుసు. గంటం దించబోయింది. అంతలో ఎవరో గుర్తొచ్చి చిన్నగా నవ్వుకుని, ఆకు తిప్పి, వెనకవైపు తాబేలుగుట్ట అని రాసుకుంది. వారం రోజుల పాటు ఇంకా చాలా తలుపులు తట్టింది. తనకి కుదరనివాటిని కూడా ఏం నేర్పుతారో, ఎంత పుచ్చుకుంటారో అడిగి వెనకవైపే రాసింది. ఆకు చాలక కొత్త ఆకులు కుట్టుకుంది.

తిరుగుదారిలో సొంత ఊరి వాగు ఒడ్డున ఆదెమ్మ పాక కనిపించింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పాకని చూస్తూనే ఉంది, కానీ అది గురుకులమని ఎప్పుడూ అనుకోలేదు. ఆదెమ్మ మోకాలి లోతు బురదలో నిలబడి ఒక్కతే కట్టకి మట్టి వేస్తోంది.

"పెద్దమ్మా, ఇక్కడ ఏం నేర్పుతావు?"

"కళ్ళు లేవా? కట్ట వెయ్యడం. రెండేళ్ళు నాతో మట్టి మోస్తే, ఆపైన ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది."

"ఎంతమందిని చేర్చుకుంటావు?"

"వచ్చినవాళ్ళందర్నీ. ఒకే ఒక్క మేకని పంపేశాను. నా తడిక తినేసింది."

"ఏం పుచ్చుకుంటావు?"

"రోజుకో తట్ట మట్టి. మొయ్యగలవా?"

మంగతాయి ఆదెమ్మ పేరు నీలికోన కింద రాసింది. ఆకు పైన ఇంకా చోటుంది. నదిని మళ్ళించే పెద్ద విద్య హేమగిరిలో ఉందని దారిలో విన్నది. అబద్ధమెందుకు, ఆమెకీ ఆశ ఉంది. అన్నిటికన్నా పైన హేమగిరి అని రాసి, అటు బయలుదేరింది.

బంగారు తలుపు ముందు మడుగు నిండా కొంగలు. అన్నీ ఒక కాలు పైకి మడుచుకుని తలుపు వైపే చూస్తున్నాయి. కుడివైపు మూడో చోట నీళ్ళు మాత్రమే ఉన్నాయి. మంగతాయి అక్కడ ఒక్క క్షణం ఆగి, తలుపు తట్టింది.

"ఎవరది?" అంది తలుపు. ఆ తలుపుకి నోరుంది. పళ్ళు కూడా బంగారమే.

"వెయ్యిమంది వస్తే ఎంతమందిని చేర్చుకుంటారండీ?"

"ఒక్కరిని!" అంది తలుపు మురిసిపోతూ.

"ఏం పుచ్చుకుంటారు?"

"మీ ఇంటి పైకప్పు."

"అయ్యో! మరి మా అమ్మానాన్నా తడవరూ? కాస్త తగ్గించుకోరా?"

"హేమగిరిలో బేరమా!" తలుపు కిర్రుమని లేచింది. "నీకు చోటు లేదు, పో!"

ఆమె వెనక్కి తిరిగి కాలు ఎత్తింది. ఆ కాలు ఎక్కడ వెయ్యాలో ఒక్క క్షణం తోచలేదు. అంతే, భుజాల మీద తెల్లటి ఈకలు మొలిచాయి, ముక్కు సాగడం మొదలైంది. మంగతాయికి అప్పుడు అర్థమైంది, వీళ్ళంతా ఎక్కడ ఆగిపోయారో. ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లదు, వెళ్ళడానికి ఇంకో చోటు తెలియదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"నీలికోనకి వెళతాను," అంది గట్టిగా. "అక్కడా కాదంటే ఆదెమ్మ పాకకి!" అని కాలు నేల మీద మోపింది. ఈకలన్నీ రాలిపోయాయి. ముక్కు మాత్రం కాసేపు దురద పెట్టింది.

ఆమె మడుగు గట్టున కూర్చుని ఆకులన్నీ విప్పింది. వెనకవైపు రాసినవి ఒక్కొక్కటే పైకి చదివింది, పేరూ, విద్యా, గురుదక్షిణతో సహా. "కుంకుడుతోట! కుండల విద్య! దక్షిణ ఏటా పది కుండలు!" ఒక కొంగ మెడ తిప్పింది. "పది కుండలేనా?" అని రెండో కాలు దింపింది. ఆ చోట ఒక కుర్రాడు నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాడు.

"తాబేలుగుట్ట! పశువైద్యం!"

బక్కచిక్కిన కొంగ ఒకటి రెండు కాళ్ళూ కలిపి దూకింది. "ఇలాంటిది ఒకటుందని ముందే చెప్పలేదేంటే!" అన్నాడు అప్పన్న.

"నువ్వు అడగలేదు కదా అన్నయ్యా," అంది మంగతాయి. అప్పన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి నిండా చేపల వాసన.

అన్నిటికన్నా లావుపాటి కొంగ యువరాజు విజయదత్తుడు. ఆదెమ్మ పాక సంగతి విని అతను అడిగాడు: "అక్కడ మహారాజు కొడుకునైనా చేర్చుకుంటారా?"

"నువ్వు తడిక తినకపోతే చాలు," అంది మంగతాయి.

సాయంత్రానికి అందరి ఆకుల మీదా ఆ గంటంతో రెండో పేరు పడింది, మడుగు ఖాళీ అయింది. తలుపు ముందు చూడడానికి ఎవరూ లేక, అది పళ్ళు మూసుకుంది.

పున్నమికి నీలికోన మంగతాయిని చేర్చుకుంది. నాలుగేళ్ళ చదువుకి నాలుగు చాపలు వెళ్ళాయి. అప్పన్న సెలవులకి వచ్చినప్పుడల్లా తండ్రీ కొడుకులు మగ్గానికి చెరో చివర కూర్చుని అల్లారు. చదువు ముగించి వచ్చాక ఆమె కొలువుకూటం పైకప్పు బాగుచేసింది. విజయదత్తుడితో, ఆదెమ్మతో కలిసి వాగుకట్ట వేసింది. ఆ ఏడాది ఆవులకి మేత తగ్గిందని పెరుమాళ్ళమ్మ ఒక్కతే గొణిగింది. ఆమెకి అచ్చు బెల్లం అందింది కాబట్టి ఎక్కువ గొణగలేదు.

మహారాజు గొడుగు మడిచి మంగతాయిని కోడలు కమ్మని అడిగాడు. ఆమె విజయదత్తుణ్ణి పక్కకి పిలిచి మూడు ప్రశ్నలు వేసింది. అన్నిటికీ అతను తడుముకోకుండా జవాబు చెప్పాడు. చివర్లో బెరుగ్గా అడిగాడు: "నీ ఆకు మీద నా పేరు ఒక్కటే ఉందా?"

"కాదు. కానీ అన్నిటికన్నా పైన ఉంది."

పెళ్ళి వైభవంగా జరిగింది. కంగారు పుట్టినప్పుడల్లా పెళ్ళికొడుకు ఒంటికాలి మీద నిలబడేవాడు, అంతకుమించి లోపమేమీ లేదు.

పెళ్ళయిన మర్నాడు ఆమె దేవరయ్యగారికి గంటం తిరిగి ఇచ్చింది. మొన అరిగిపోయి ఉంది. ఆయన దాన్ని రాతి మీద నూరి, అరుగు మీద కూర్చుని ఒక ఆకు రాయడం మొదలుపెట్టారు. బడిపిల్లలు చుట్టూ మూగారు. పేరు తర్వాత పేరు రాస్తూనే ఉన్నారు. ఒకవైపు నిండితే తిప్పి రెండోవైపు రాశారు.

"ఎవరి ఆకండీ అది?" అన్నాడొక పిల్లవాడు.

"ఒక అమ్మాయిది," అన్నారు ఒజ్జగారు. ఆకుని పాతగుడ్డలో చుట్టి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఊఁ, రండి. ఒక్కొక్కళ్ళూ మీ ఆకులు తియ్యండి. ఎవరికేం ఇష్టమో ముందు అది చెప్పండి."