అమ్మాయి ఆర్పిన లైటు

"తలుపు తీస్తారా, తియ్యరా నాన్నా? బండి కొనే ఆయన వచ్చి గంటయింది! పదిమందిలో నా పరువు తియ్యడానికేనా లోపల గడియ పెట్టుకుని కూర్చున్నారు?"

పెరట్లో నిలబెట్టిన మోటార్ హోమ్ తలుపును అన్నయ్య అరచేత్తో దబదబా బాదుతున్నాడు. సరిగ్గా ఆ సమయానికే గేటు తీసుకుని చెల్లెలు లోపలికి వచ్చింది. పుట్టింటికి వచ్చే ఆడపిల్ల పళ్లో పూలో తెస్తుంది. ఈమె చేతిలో మాత్రం నల్లటి స్కానర్ పెట్టె ఉంది. అదే ఆమె వృత్తి. గ్యారేజీకి వచ్చిన బండికి ఆ స్కానర్ తగిలించి, ఇంజన్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివి, రోగం ఎక్కడుందో చెబుతుంది. అందుకే తండ్రి ఆమెకు 'డాక్టరమ్మ' అని పేరు పెట్టాడు. ఆ పిలుపు విని పదకొండు నెలలైంది!

"డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతోందట. కోడ్ చదివించి కాగితం ఇస్తేనే కొంటానంటున్నాడు ఆయన. నిన్ను పిలిచానని తెలిసిన దగ్గర్నుంచీ ఈయన ఇదే వరస!" అన్నాడు అన్నయ్య చిరాగ్గా.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. అమ్మ కుట్టిన తెర కాస్త పక్కకు జరిగింది. మాసిన గడ్డం, లోతుకుపోయిన కళ్లు... తండ్రేనా ఆయన? ఎంత చిక్కిపోయాడు!

"ఇంకెవరితోనైనా చదివించుకోండి. ఊళ్లో మెకానిక్కులకు కరువొచ్చిందా? నా కూతురి చెయ్యి మాత్రం ఈ బండి మీద పడటానికి వీల్లేదు!" అన్నాడాయన. తెర మళ్లీ మూసుకుంది.

ఆ మాటకు ఆమె గుండె చివుక్కుమంది. నా చెయ్యి కూడా పనికిరాకుండా పోయిందా నాన్నా నీకు? అంత పరాయిదాన్నయిపోయానా? వెనక్కి వచ్చి వసారాలో స్తంభానికి ఆనుకుని నిలబడింది.

అసలు పరాయిదాన్ని చేసుకున్నది ఆమే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తండ్రి ముప్పై రెండేళ్లు బస్సు నడిపినవాడు. రిటైరయ్యాక ఒక పాత వ్యాన్ కొని, మూడేళ్లు దాని చుట్టూనే తిరిగి, లోపల మంచం, స్టవ్, సింకు, అలమరా అన్నీ తన చేతులతోనే అమర్చాడు. అందరూ దాన్ని మోటార్ హోమ్ అంటే, అమ్మ మాత్రం ఇల్లుబండి అనేది. "కదలని వంటింట్లో నలభై ఏళ్లు వండాను. కదిలే వంటింట్లో రెండు రోజులైనా వండకపోతే ఈ జన్మ ఎందుకే!" అని నవ్వేది. మొదటి ప్రయాణం కొండల వైపు. రెండో రోజు ఉదయం పది దాటాక అమ్మకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గంట పడుతుంది, మీరే తీసుకొచ్చెయ్యండి అన్నారు. ఆసుపత్రి కొండ దాటి ముప్పై కిలోమీటర్లు. తండ్రికి గంటకు పైగా పట్టింది! "అరగంట ముందు తెచ్చి ఉంటే..." అని డాక్టరు మాట మధ్యలోనే ఆపేశాడు.

ఆ అరగంట ఈ ఇంటిని రెండు ముక్కలు చేసింది. "ఎందుకింత ఆలస్యం?" అని అన్నయ్య తండ్రి చొక్కా పట్టుకుని నిలదీశాడు. తండ్రి తలవంచుకుని, "కుదుపులకు నొప్పి ఎక్కువవుతుందని నేనే మెల్లగా నడిపానురా" అన్నాడు. అంతే! ఆ రోజు నుంచి అన్నయ్య తండ్రిని 'నువ్వు' అనడం మానేశాడు. పదిహేను రోజులకు బండి తాళంచెవి కూడా లాక్కున్నాడు. మరి చెల్లెలో? ఆసుపత్రి నడవాలో అందరూ వింటుండగా ఆమె అన్న మాట ఇప్పటికీ ఆమె చెవుల్లోనే గింగురుమంటోంది. "ఊరందరినీ ముప్పై రెండేళ్లు వేళకు చేర్చావు కదా నాన్నా... మా అమ్మ ఒక్కదాన్ని చేర్చలేకపోయావా?"  తండ్రి ఇంటికి వచ్చి ఇల్లుబండిలోకి మారిపోయాడు. అప్పటినుంచి అక్కడే నిద్ర, అక్కడే తిండి.

వదిన చెంబుతో చల్లటి మంచినీళ్లు తెచ్చి, "ఉండు అమ్మాయ్, మీ అన్నాచెల్లెళ్లకు గట్టిగా అరవడం తప్ప ఏం వచ్చు? చూస్తూ ఉండు" అని చెవిలో చెప్పింది. వెళ్లి బండి తలుపు మెల్లగా తట్టింది. "మామయ్యా, మీ బీపీ మాత్ర ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. నాకు మోకాలు పట్టేసింది, మళ్లీ తిరగలేను. మీరే వచ్చి వేసుకోండి బాబూ!" కోడలి మాట ఆయన ఏనాడూ కాదనలేదు. రెండు నిమిషాలకు గడియ చప్పుడైంది. ఆయన కూతురి వైపు చూడకుండా ఇంట్లోకి నడిచాడు.

ఆమె అన్నయ్య చేతిలోంచి తాళంచెవి తీసుకుని బండెక్కింది. లోపల అన్నీ అమ్మ పెట్టిన చోటే ఉన్నాయి. టీ డబ్బా మీద అమ్మ రాసిన చీటీ కూడా అలాగే ఉంది. చూస్తే చెయ్యి ఆడదని తల తిప్పుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది. స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి సాకెట్ వెతికి స్కానర్ తీగ గుచ్చింది. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. స్కానర్ తెర మీద కోడ్ వచ్చింది.

టర్బో గాలి ఒత్తిడి తక్కువ. అంటే ఇంజన్‌కు అందాల్సినంత గాలి అందలేదన్నమాట. అలాంటప్పుడు ఇంజన్ తనకు హాని జరగకుండా బలం తగ్గించేసుకుంటుంది. ఎంత తొక్కినా బండి పాకుతుంది తప్ప పరుగెత్తదు. తప్పు జరిగిన క్షణంలో బండి పరిస్థితి ఏమిటో కూడా స్కానర్ చూపిస్తుంది. ఆమె ఆ పేజీ తెరిచింది. అమ్మ పోయిన తేదీ! ఉదయం పదీ నలభై. వేగం ముప్పై ఎనిమిది. యాక్సిలరేటర్ పెడల్... నూటికి నూరు!

 మెల్లగా నడిపానన్నాడే! మెల్లగా నడిపే మనిషి పెడల్ అడుగంటా ఎందుకు తొక్కుతాడు? వెనక మంచం మీద అమ్మ మెలికలు తిరిగిపోతుంటే, కొండ ఎక్కలేని బండిలో, కాలు నేలకు ఆనేదాకా పెడల్ తొక్కుతూ... అయ్యో నాన్నా! నువ్వు ఎంత నరకం పడ్డావు! మరి అబద్ధం ఎందుకు చెప్పావు? బండి చెడిందని ఒక్క మాట అంటే సరిపోయేది కదా!

ఇంకో పేజీ తిప్పింది. కోడ్‌లు చెరిపేశాక బండి తిరిగిన దూరం: నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. ఎవరు చెరిపారు? ఎక్కడ చెరిపారు? మనసులోనే లెక్క వేసుకుంది. కొండల దాకా, అక్కడి నుంచి ఆసుపత్రి, ఆసుపత్రి నుంచి ఈ పెరడు... ఆ తర్వాత బండి అంగుళం కదల్లేదు. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే ఆ దూరం మొదలైన చోటు ఆమె గ్యారేజీ గేటే!

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, అసలు మరిచిపోతేగా! ప్రయాణం రోజు పొద్దున్నే వాళ్లు గ్యారేజీ ముందు ఆగారు. పసుపు లైటు వెలుగుతోందని తండ్రి అన్నాడు. ఆమె ముందు అప్పటికే నాలుగు బండ్లు ఉన్నాయి. కొత్తవాళ్లకు ఆమె నేర్పే మొదటి పాఠం, కోడ్ కాగితం మీద రాసుకోకుండా చెరపకూడదని. చెరిపాక బండి నడిపి చూడకుండా వదలకూడదని. ఆ రోజు ఆమె రెండూ చెయ్యలేదు. ఏదో సెన్సార్ తిక్కలే అనుకుని బటన్ నొక్కేసింది. లైటు ఆరిపోయింది. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, "చూశారా, నా కూతురి చెయ్యి పడితే ఎంత రోగమైనా పారిపోవాల్సిందే!" అంది. పదకొండు నెలలుగా ఆమె ప్రాణంగా దాచుకున్న జ్ఞాపకం అదే. తను చూసిన అమ్మ ఆఖరి నవ్వు...

ఆమె దిగి బానెట్ ఎత్తింది. వెతకక్కర్లేకుండానే కనిపించింది. గాలి వెళ్లే రబ్బరు గొట్టం మీద వేలెడంత చీలిక. పది నిమిషాల పని. పది నిమిషాలే!

"చూసేశావా?"

వెనక తండ్రి గొంతు. చేతిలో మాత్ర అలాగే ఉంది, ఇంకా వేసుకోనేలేదు. ఆమె బానెట్ వదిలి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది.

"నేనే కదా నాన్నా! నేనే చేశాను కదా! నీకు ముందే తెలుసు... ఆ రోజే తెలుసు!"

"లే అమ్మా, లే. సగం కొండెక్కాక లైటు మళ్లీ వెలిగింది. బండి బలం పోయింది. ముప్పై రెండేళ్లు ఇంజన్ చప్పుడు విన్నవాణ్ణి, అర్థం కాకుండా ఉంటుందా? మీ అమ్మ వెనక నుంచి ఆ లైటు చూసింది. నొప్పిలో కూడా చూసింది. 'డాక్టరమ్మకు చెప్పకండి. చెబితే అది బతికినన్నాళ్లూ తనను తాను తిట్టుకుంటుంది' అంది. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు."

"నేను ఆసుపత్రిలో నిన్ను అంత మాట అన్నానే! అప్పుడైనా..."

"అప్పుడు అసలే చెప్పలేను. తల్లి పోయిన పిల్లవి. నీ నెత్తిన అది కూడా పెట్టమంటావా?" ఆయన బండి వైపు చూశాడు. "ఇంటికి తెచ్చాక బ్యాటరీ వైరు పీకి పదిరోజులు పక్కన పెట్టాను. అలా చేస్తే లోపలున్నదంతా పోతుందని ఎవరో చెప్పారు. మళ్లీ తగిలిస్తే లైటు అలాగే వెలిగింది. తర్వాత ఎవరికైనా చూపిద్దామంటే తాళంచెవి నా దగ్గర లేదు."

ఎంత తెలివితక్కువ ప్రయత్నం! ఎంత ప్రేమ! ఎన్ని వైర్లు పీకినా ఆ బండి మరిచిపోదని అప్పుడు ఆయనకు తెలియదు. తెలిసిన కూతురేమో ఆయన మొహం వైపే చూడలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. వసారా వైపు అడుగు వేయబోతుంటే తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దమ్మా! వాడు కోపిష్టి. నన్ను అంటే నేను పడతాను. నాకు అలవాటైపోయింది. నిన్ను అంటే నేను తట్టుకోలేను. బండి అమ్మేస్తే ఇంక ఎవరికీ తెలియదు."

"నీ మీద అబద్ధం మోపి నేను బతకలేను నాన్నా" అని చెయ్యి విడిపించుకుంది.

వసారాలో కూర్చున్న బండి కొనే ఆయన వింటుండగానే, వదిన గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, అన్నయ్యకు అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. రాసుకోకుండా చెరిపానని చెప్పింది. నడిపి చూడలేదని చెప్పింది. పెడల్ నూటికి నూరు తొక్కి ఉందని తెర చూపించింది. "అమ్మను ఆలస్యం చేసింది నాన్న కాదు అన్నయ్యా. నేను. కొడితే నన్ను కొట్టు" అంది.

అన్నయ్య చెయ్యి లేవలేదు. స్కానర్ అందుకుని ఆ అంకెలు మళ్లీ చదివాడు. మొహం తెల్లగా పాలిపోయింది. కొనే ఆయన నెమ్మదిగా లేచి, "బేరం సంగతి తర్వాత చూద్దాంలెండి" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు అన్నయ్య తండ్రి దగ్గరికి నడిచాడు. ఆయన భుజం మీద తల పెట్టేశాడు.

"నాన్నా... నీ చొక్కా పట్టుకున్నానే! అందరి ముందూ! ఒక్క దెబ్బ వెయ్యలేకపోయావా నాన్నా నన్ను!"

"పోనీలేరా. నువ్వూ అమ్మ కోసమే పట్టుకున్నావు" అని తండ్రి వాడి వీపు నిమిరాడు.

కానీ అన్నయ్య చెల్లెలి వైపు చూడలేదు. ఆమె పక్కనుంచే ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆమె తప్పు పట్టలేదు. అన్నయ్య పోగొట్టుకున్నదీ అమ్మనే! వదిన మాత్రం దగ్గరికి వచ్చి, "ఆయనకు కాస్త టైము ఇవ్వు అమ్మాయ్. మీ నాన్న మీద కోపం పదకొండు నెలలు మోశారు. దాన్ని దించుకోవడానికే ఈ పూట సరిపోదు. నిన్ను చూడటానికి ఇంకెన్నాళ్లు పడుతుందో నాకూ తెలియదు" అంది. అబద్ధం చెప్పి ఓదార్చడం ఆ ఇల్లాలికి చేతకాదు. కొంగుతో ఆడపడుచు మొహం తుడిచి లోపలికి వెళ్లింది.

పెరట్లో తండ్రీ కూతురూ మిగిలారు. ఆయన ఇల్లుబండి మెట్టు మీద కూర్చుని పక్కన చోటు చూపించాడు. ఆమె కూర్చుంది. అంతవరకూ ఎలాగో బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "అమ్మా... అమ్మా..." అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడుస్తుంటే తండ్రి ఊరుకోమనలేదు. ఆమె తల తన గుండెకు ఆనించుకున్నాడు. ఆయన కళ్ల నీళ్లు ఆమె జుట్టు మీద పడుతున్నాయి.

"నీ తప్పు లేదని నేను అనను డాక్టరమ్మా. అంటే నువ్వు నమ్మవు. కానీ ఏడు... గట్టిగా ఏడు. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆమె కోసం నాతో కలిసి ఏడవడానికి ఈ ఇంట్లో ఒక్కరూ నా పక్కన కూర్చోలేదమ్మా!"