చక్రవర్తి కుంచె

పొద్దెక్కకముందే ముప్పై ఎనిమిదో తల హైలాన్ కత్తి కిందికి వచ్చింది. అన్నీ మూడో యువరాజు అంగరక్షకుల తలలే.

"మొన్ననేగా నీ ముందు తల గొరిగాను?" అన్నాడు హైలాన్.

"నోరు మూసుకుని గొరుగు," అన్నాడు భటుడు.

హైలాన్ నోరు మూసుకున్నాడు. చక్రవర్తి రహస్య ఏజెంట్ మంగలి వేషం కట్టి మూడు నెలలుగా ఆ యువరాజు గుమ్మం ముందు కూర్చున్నాడంటే, అది తలలు గొరగడానికి కాదు. మిషన్ అప్పగించిన రోజున అంతఃపుర గూఢచారి శాఖ పెద్ద, ముసలి గావో నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"మూడోవాడు ఉత్తర సరిహద్దు గోడ అవతలి ఖాన్‌తో చేతులు కలిపాడు. తండ్రి వారసుడి పేరు రాసి పెట్టెలో పెట్టకముందే ఆయన్ని లేపేస్తాడు. పేరు లేకపోతే సైన్యం ఉన్నవాడిదే సింహాసనం. ఏ రోజో కనిపెట్టు. లేదంటే నీ తలా నా తలా ఒకే బుట్టలో పడతాయి."

చక్రవర్తి పోతే వంద రోజులు దేశంలో ఏ మగాడూ తలకు కత్తి తగలనివ్వకూడదు. తగలనిస్తే ఆ తలే పోతుంది. ఆ సంగతి తలుచుకుని వెధవలంతా ముందే వచ్చి వరస కట్టారు. అంటే ముహూర్తం ఈరోజే.

సగం గొరిగిన తలను అలాగే వదిలేసి హైలాన్ లేచాడు. వెనకనుంచి భటుడి తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి.

టీ దుకాణం పై గదిలో మింగ్‌హ్వా ఒంటరిగా కూర్చుని ఉంది. దర్బారులో పిపా వాయించే అందగత్తె. యువరాజు ఇంట్లో గావో నాటిన మనిషి.

"టీలో మల్లెలు ఎక్కువయ్యాయి," అన్నాడు హైలాన్.

"ఉత్తరపు గాలికి రాలాయిలే," అంది. కోడ్ సరిపోయింది.

"రోజు తెలిసిందా?"

"పౌర్ణమికి. ఇంకా పది రోజులుంది. అందాకా వెళ్లి గడ్డాలు గీసుకో."

ముప్పై ఎనిమిది తలలు ఒకటి చెబుతుంటే ఈ ఒక్క తల ఇంకొకటి చెబుతోంది. ఈవిడ అమ్ముడుపోయింది. హైలాన్‌కు ఒళ్లు మండిపోయింది. ఒక్క అడుగులో ఆమె జుట్టు దొరకబుచ్చుకుని కత్తి ఆనించాడు.

"చక్రవర్తి బతికుండగా ఆడది జుట్టు కత్తిరించుకుంటే ఆయన చావు కోరినట్టే. దానికి శిక్షేమిటో నువ్వే చెప్పు."

"నీకంత దమ్ము లేదు."

ఒక పాయ తెగి టీ గిన్నెలో పడింది. మింగ్‌హ్వా మొహంలో నెత్తురు లేదు.

"మిగతాది కూడా తీసెయ్యనా?"

"ఆగు. ఆ పాయ కాల్చేస్తావా?"

"నిజం చెప్తే కాల్చేస్తాను."

"కుంచె," అంది పళ్లు కొరుకుతూ. "ఈ పూటే వారసుడి పేరు రాస్తాడు. రాసే ముందు కుంచె మొన నాలుక మీద తడుపుకోవడం ముసలాడి అలవాటు. ఖాన్ పంపిన కొత్త కుంచె పెట్టారు. మొననిండా విషం. పరిగెత్తు, అందుకుంటావేమో చూద్దాం. ఈపాటికి చేతిలోకి తీసుకునే ఉంటాడు."

పాయను పొయ్యిలో పారేసి, ఆమెను గదిలో పెట్టి గడియ వేసి, హైలాన్ పరుగు తీశాడు. గావో ఇచ్చిన దంతపు బిళ్ల చూసి మూడు ద్వారాల భటులు తప్పుకున్నారు. నాలుగో ద్వారం వాడు తప్పుకోలేదు. వాణ్ని పడదోసి లోపలికి దూకాడు.

దర్బారు మందిరంలో మంత్రులంతా మోకాళ్ల మీద ఉన్నారు. చక్రవర్తి కుంచెను పెదవుల దగ్గరికి తెచ్చాడు. పక్కనే మూడో యువరాజు, తలవంచుకుని, మహా వినయంగా.

"ప్రభూ, ఆ కుంచెలో విషం ఉంది," అంటూ హైలాన్ నేల మీద పడ్డాడు. మరుక్షణం రెండు కత్తులు అతని మెడ మీద వాలాయి.

"దారినపోయే మంగలోడి కూతలకు దర్బారు ఆగాలా? ఈ కుక్కను బయటికి ఈడ్చండి," అన్నాడు యువరాజు.

చక్రవర్తి ఎవరినీ ఈడ్చమనలేదు. కుంచె వంక చూశాడు. కొడుకు వంక చూశాడు.

"నాయనా, నా నోరు ఎండిపోయింది. కాస్త నువ్వే తడిపి ఇయ్యి."

యువరాజు చెయ్యి సగందాకా లేచి ఆగిపోయింది.

"తీసుకోరా."

యువరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. హైలాన్ మెడ మీది కత్తులు అక్కణ్నుంచి లేచి యువరాజు వైపు తిరిగాయి. అతన్ని తీసుకుపోతుంటే చక్రవర్తి ఆ గుమ్మంవైపే చూస్తూ ఉండిపోయాడు. కన్నకొడుకు తన చావు కోరాడని తెలిసిన తండ్రికి ఎంత బాధ ఉంటుందో అంత బాధా ఆ మొహంలో కనిపించింది. హైలాన్ తల దించుకున్నాడు.

కాసేపటికి ఆయన పాత కుంచె తెప్పించుకుని, దాన్ని నీళ్లలో తడిపి, సిరాలో ముంచి, ఒక పేరు రాశాడు. మడిచి పెట్టెలో పెట్టి తానే ముద్ర వేశాడు.

"ముగ్గురు కొడుకుల్లో ఎవరి పేరు రాయాలా అని ఏడాదిగా నాకు నిద్ర లేదురా," అన్నాడు హైలాన్‌తో. "నీ పుణ్యమా అని ఇద్దరే మిగిలారు."