నలభై ఏడో పేజీలో ముఖం

"ఇంకా ఎన్నున్నాయే?" వంటింట్లోంచి మామ్మ అడిగింది.

"రెండే మామ్మా," అంది క్రిస్టీ, రబ్బరు ఆపకుండా.

మధ్యాహ్నం మూడున్నర. అమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఉంది. నాన్న ఫ్యాక్టరీలో బి షిఫ్టుకి వెళ్లాడు. క్రిస్టీ స్కూలు నుంచి వచ్చి, అన్నం తిని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని తన ఉద్యోగంలో కూర్చుంది. పదేళ్లకే ఉద్యోగమా అనుకోకండి. ఫ్లోరెన్స్ అత్త ఇచ్చిన రబ్బరు ఉద్యోగం అది.

అత్త బొమ్మలు వేస్తుంది. ఏడాదిన్నరగా ఒకే పుస్తకం మీద కూర్చుంది. గ్రాఫిక్ నావెల్ అంటారు దాన్ని. నవలే గానీ, కథంతా బొమ్మల్లోనే నడుస్తుంది. పేజీకి ఐదారు గడులు, గడికో బొమ్మ. అత్త ముందు కథ రాసుకుంది. తర్వాత చిన్న చిన్న చీటీల మీద గజిబిజిగా బొమ్మలు గీసుకుంది. ఆ చీటీలు చూస్తే కోడి కెలికినట్టు ఉంటాయి. తర్వాత పెద్ద కాగితం మీద పెన్సిల్‌తో శుభ్రంగా వేస్తుంది. ఆ గీతల మీద పాళీతో నల్ల ఇంకు దిద్దుతుంది. ఇంకు ఆరాక, అడుగున మిగిలిపోయిన పెన్సిల్ గీతలు తుడిచెయ్యాలి. ఆ తుడిచే పని క్రిస్టీది. రబ్బరు పొట్టుని నాన్న పాత షేవింగ్ బ్రష్‌తో ఊడ్చే పని కూడా క్రిస్టీదే.

జీతం ఏమీ లేదు. కానీ పుస్తకం ఆఖరి పేజీలో 'రబ్బరు: క్రిస్టీ' అని అచ్చువేయిస్తానని అత్త మాటిచ్చింది. ఆ సంగతి వాళ్ల పేట సీతారాండేరాలో ఆ వీధి పిల్లలందరికీ తెలుసు. కొందరికి రెండుసార్లు తెలుసు.

అత్త చెప్పులు వేసుకుంటూ వచ్చింది. "పాళీ విరిగిపోయింది. సాక్చి బజారుకి ఎళ్లొత్తాను. ట్రేలో ఉన్నవి తుడువు. బల్ల మీద పేజీ ముట్టుకోకు, అదింకా అవ్వలేదు."

"హా అత్తా, పతా హై," అంది క్రిస్టీ. తెలుసు అని, ఆ ఊరి హిందీలో.

"రేపు పదకొండింటికి యాబై పేజీలూ స్కానింగ్ షాపులో ఇచ్చెయ్యాలి. సాయంత్రానికి పబ్లిషర్‌కి పంపకపోతే ఈ ఏడు పుస్తకం రాదంట."

"తెలుసు అత్తా."

అత్త వెళ్లింది. పావుగంటలో ట్రే ఖాళీ అయింది. క్రిస్టీ బల్ల వైపు చూసింది. అక్కడ నలభై ఏడో పేజీ ఉంది. రైల్వే స్టేషన్ బొమ్మ. గోడ గడియారం, పెట్టెలు, జనం, జనం నీడలు. ఇంకు నల్లగా మెరుస్తోంది. క్రిస్టీ చిటికెన వేలితో మెల్లిగా తాకి చూసింది. ఎప్పుడో ఆరిపోయింది.

'అయిపోయిందిగా. అత్త మర్చిపోయి ఉంటుంది. వచ్చేసరికి తుడిచేస్తే ఎంత సంతోషిస్తుందో,' అనుకుంది.

తుడిచింది. పై నుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి, ఒక్క మూల కూడా వదలకుండా. తన పనిలో క్రిస్టీకి లోపం ఉండదు. బ్రష్‌తో పొట్టు ఊడ్చి, వెనక్కి జరిగి చూసుకుంది.

జనం మధ్యలో, తట్ట పక్కన పెట్టుకుని ఒకామె నిలబడి ఉంది. చీర ఉంది. జుట్టు ఉంది. ముఖం లేదు.

క్రిస్టీ బ్రష్ వదిలేసి దగ్గరికి వంగి చూసింది.

ఆమె అన్నమ్మ. మామ్మకి అమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చి, ఇక్కడ ఇళ్లు కట్టే చోట తట్ట మోసింది. రేజా పని అంటారు ఇక్కడ దాన్ని. పుస్తకమంతా ఆమె కథే, కానీ మిగతా పేజీల్లో ఆమె వెనక నుంచో తట్ట నీడలోనో కనిపిస్తుంది, ముఖం ఈ ఒక్క పేజీలోనే. ఆమెకి ఒకే ఒక్క ఫోటో ఉండేది. ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్లొచ్చి అదీ పాడైపోయింది. ఇప్పుడు ఆ ముఖం మామ్మకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందుకే నాలుగు ఆదివారాలు మామ్మ చెబుతూ ఉంటే ఈ పేజీ మీదే అత్త పెన్సిల్‌తో గీసింది. ముక్కు అలాగ కాదు, బుగ్గ ఇంకొంచెం లోతు అంటూ మామ్మ సతాయించింది. నాలుగో ఆదివారం, "అదే, అదే మాయమ్మ," అంది.

కథలో ముఖ్యమైన ముఖాలకి అత్త ఆఖర్నే ఇంకు పెడుతుంది. చెయ్యి బాగా అలవాటు పడ్డాక, పొద్దుటి వెలుగులో. అది క్రిస్టీకి తెలుసు. తెలిసే మర్చిపోయింది.

తనే గీసేస్తే? క్రిస్టీ పెన్సిల్ తీసుకుంది. ముందు కళ్లు పెట్టింది. కోడి కళ్లలా వచ్చాయి. తుడిచింది. ఈసారి గట్టిగా నొక్కి గీసింది. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయ్యాయి. మళ్లీ తుడిచింది. కాగితం మీద నూగు లేచింది. ఇక భయం వేసి, పేజీని బల్ల మీద బోర్లించేసింది.

అత్త వేడివేడి ఆలూ చాప్, అదే బంగాళాదుంప బజ్జీ, తెచ్చింది. బల్ల వైపు చూసి నవ్వింది. "దుమ్ము పడకుండా బోర్లించావా? మంచిదానివే."

క్రిస్టీ తలూపింది. ఆ తలూపడమే ఆమెకి అన్నిటికన్నా బరువైపోయింది. ఆలూ చాప్ చల్లారిపోయింది.

"తినవేటే? ఒంట్లో బాగోలేదా?" మామ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"కుఛ్ నహీ మామ్మా. ఏం లేదు."

ఏడింటికి ముగ్గురూ కొవ్వొత్తి వెలిగించి ప్రార్థనకి కూర్చున్నారు. జపమాల అయ్యాక మామ్మ తన సొంత మాటల్లో దేవుడితో మాట్లాడుతుంది. ఇంటి వార్తలన్నీ చెబుతుంది. గ్యాస్ సిలిండర్ ఎప్పుడొస్తుందో కూడా అడుగుతుంది. ఆ రోజు కళ్లు మూసుకుని ఇలా అంది.

"తండ్రీ, మాయమ్మ పోయి నలబై ఏళ్లయింది. ముకం మరిసిపోతన్నానని బెంగెట్టుకున్నాను. మా ఫ్లోరెన్స్ సేత మళ్లీ సూపించినావు. నీకు స్తోత్రం."

క్రిస్టీ ఆమెన్ అనలేకపోయింది. వెక్కి వెక్కి ఏడ్చేసింది.

"అత్తా, నేను తుడిచేశాను. అన్నమ్మ మామ్మ ముఖం. దుమ్ము కోసం బోర్లించలేదు. నువ్వు చూడకూడదని."

అత్త లేచి బల్ల దగ్గరికి వెళ్లి పేజీ తిప్పింది. అత్తకి కోపం రాలేదని చెప్తే అబద్ధం. చెవులు ఎర్రబడ్డాయి. పేజీ పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి.

"ముట్టుకోవద్దని చెప్పానా?"

"చెప్పావు."

"ఎప్పుడు తుడిచావు?"

"నువ్వు సాక్చి వెళ్లినప్పుడు."

"నేను మళ్లీ ఏద్దామన్నా అదే ముకం రాదే క్రిస్టీ. నా సేతికే తెలీదు అదెలాగొచ్చిందో." అత్త ఆ ఖాళీ చోటుని వేలితో తడిమింది.

తర్వాత ఏదో తట్టినట్టు కాగితాన్ని కంటి ఎత్తుకి తెచ్చి వాలుగా చూసింది. "మామ్మ దగ్గర కొవ్వొత్తి ఆర్పు. ట్యూబ్‌లైటు కూడా ఆపు," అంది.

క్రిస్టీ పరుగెత్తింది. అత్త టేబుల్ లైటుని పేజీ పైన కాకుండా పక్కనే, బల్లకి ఆనించి పెట్టింది. వెలుగు కాగితం మీదుగా పాకింది. అప్పుడు కనిపించింది. పెన్సిల్ నొక్కిన చోటల్లా కాగితంలో సన్నటి గాడి. ముక్కు. లోతు బుగ్గలు. గెడ్డం. రంగు లేదు గానీ రూపం ఉంది.

"నాకు నొక్కి గీసే అలవాటు. చిన్నప్పుడు టీచర్ తిట్టేవారు. ఈవేళ పనికొచ్చింది," అంది అత్త. ఆమె ఊపిరి వదిలిన చప్పుడు అందరికీ వినిపించింది.

క్రిస్టీ బల్ల దగ్గరికి జరిగింది. "అంతా ఉందా అత్తా?"

అత్త పేజీని అటూ ఇటూ తిప్పి చూసింది. "కళ్లు లేవు. ఇక్కడ నా గీతల మీద వేరే గీతలున్నాయి. ఏవేటో తెలీట్లేదు."

"అవి నావి," అంది క్రిస్టీ. "నువ్వొచ్చేలోపు నేనే గీసేద్దామనుకున్నాను."

"ఊరుకునుంటే కళ్లూ ఉండేవి," అంది అత్త. తిట్టినట్టు అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తర్వాత మామ్మ వైపు తిరిగింది. "అమ్మా, కళ్లు మళ్లీ చెప్పు. ఈ రాత్రికే ఏసేద్దాం."

మామ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసింది.

"ఆ సంటిది నిజం సెప్పీసింది. డెబ్బై ఏళ్లదాన్ని, నాను సెప్పనేదు," అంది.

"ఏటి చెప్పలేదు?" అడిగింది అత్త.

"మాయమ్మకి ఎడం కన్ను సగమే తెరుసుకునేది. పనికాడ సున్నం తడుపుతుంటే ఎగిరి కంట్లో పడింది. బళ్లో పిల్లలు ఎక్కిరించేవోరు. ఒకపాలి నువ్వు బడికి రావొద్దమ్మా అన్నాను. మళ్లీ రానేదు. ఎప్పుడూ రానేదు. పుస్తకంలోనైనా అందంగా ఉండాలని నీకు రెండు కళ్లూ బాగున్నట్టే సెప్పాను."

క్రిస్టీ వెళ్లి మామ్మ చెయ్యి పట్టుకుంది.

"మరి ఇందాక దేవుడికి స్తోత్రం చెప్పావుగా మామ్మా?" అంది మెల్లిగా.

"ఆయనకి తెల్దేటి? అందుకే నీ సేత తుడిపించినాడేమో," అంది మామ్మ. అత్తకి నవ్వొచ్చింది. క్రిస్టీకి ఏడుపూ నవ్వూ కలిసి ముక్కులోంచి వచ్చాయి.

అత్త పెన్సిల్ చెక్కుకుంది. నూగు లేచిన చోట కాగితాన్ని చెంచా వెనక వైపుతో నెమ్మదిగా సాపు చేసింది. ఒక కన్ను పూర్తిగా, ఒక కన్ను సగం. మామ్మ ఈసారి సతాయించలేదు. రెండు మాటలే చెప్పింది. రెప్ప ఇంకొంచెం కిందకి. కనుబొమ్మ అక్కడే ఉంచు.

పూర్తయ్యాక మామ్మ చాలాసేపు చూసింది.

"ఇప్పుడు సూత్తంది," అంది. "మొన్నటిది బొమ్మే. ఇప్పుడు మాయమ్మ సూత్తంది."

మర్నాడు, శనివారం పొద్దున అత్త కొత్త పాళీతో ఆ ముఖానికీ, మిగిలిన పేజీల్లోని ముఖాలకీ ఇంకు పెట్టింది. ఇంకు ఆరేదాకా క్రిస్టీ ఆ గదిలోకే వెళ్లలేదు. ఆరాక అత్త రబ్బరు చాపితే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నా పేరు తీసేశావా అత్తా?"

అత్త డ్రాయరు లాగి ఒక కాగితం చూపించింది. 'రబ్బరు: క్రిస్టీ.' నల్లటి అక్షరాలు.

"ఇంకుతో రాసేశాను. రబ్బరుకి పోదు," అంది. "దా, టైమవుతోంది. స్నానం చేసొత్తాను, ఈలోపు ట్రేలోవి కానీ."

క్రిస్టీ ట్రేలోంచి ఒక్కో పేజీ తీసింది. తుడిచే ముందు ప్రతి ముఖం మీదా కళ్లతో ఒకసారి నడిచింది. నలభై ఎనిమిది అయింది. నలభై తొమ్మిది తుడుస్తుంటే మోచెయ్యి తగిలి కాగితం మూల మడతపడింది. చిన్న మడత. నిద్రపోతున్న పిల్లి చెవి అంత.

గదిలో ఎవరూ లేరు. గోళ్లతో రుద్దితే సాపయ్యేలాగే ఉంది. క్రిస్టీ వేలు దాని దాకా వెళ్లింది.

ఆగింది. రబ్బరు పక్కన పెట్టి, పేజీని ఉన్నచోటే ఉంచి, బాత్రూం తలుపు దగ్గరికి వెళ్లి తట్టింది.

"ఏటే?" లోపల నీళ్ల చప్పుడు ఆగింది.

"అత్తా, నలభై తొమ్మిదో పేజీ మూల మడతపడింది. నా మోచెయ్యే. నేనేమీ చెయ్యకుండా వచ్చేశాను."

"అలాగే ఉంచు. వత్తన్నా," అంది అత్త.