ఎర్రదారం లేని గరిటె

వంటింటి గుమ్మంలో పిచ్చుక ఠక్కున ఆగిపోయింది.

స్టవ్ మీద సూప్ గిన్నె ఉంది. గిన్నెలో గరిటె ఉంది. ఆ గరిటె వంటింటిది కాదు.

"ఏంటే, దారికి అడ్డంగా నిలబడ్డావ్? ఆ ప్లేట్లు టేబుల్ మీద పెట్టు," అంది అమ్మ.

పిచ్చుక కదల్లేదు.

ఆ పిల్లని అసలు పేరుతో పిలిచేది స్కూల్లో టీచర్లే. ఒక్కచోట నిలవకుండా గెంతుతూ తిరుగుతుందని నాన్న పెట్టిన పేరు పిచ్చుక. అలాంటి పిల్ల కాళ్లు నేలకి అతుక్కుపోయాయంటే సంగతి చిన్నది కాదు. అదేంటో తెలియాలంటే ముందు వాళ్ల నాన్న గురించి చెప్పాలి.

నాన్న వారమంతా సిటీ బస్సు నడుపుతాడు. సెలవు రోజొస్తే చాలు, వెనక గదిలో మగ్గం ముందు కూర్చుని తివాచీలు నేస్తాడు. అమ్మడానికి కాదు, సరదాకి. "బస్సులో రోజంతా హారన్ల మోత. ఇక్కడైతే ఎవరూ నా మీద అరవరు," అంటాడు. ఉన్ని దారానికి రంగు కూడా తనే వేసుకుంటాడు. వెనక వరండాలో చిన్న స్టవ్ వెలిగించి, నీళ్లు కాచి, రంగు పొడి కలిపి, అందులో దారం ముంచుతాడు. దారం చిక్కుపడకుండా గరిటెతో మెల్లగా కదుపుతూ ఉండాలి. ఆ పని పిచ్చుకది.

రంగు గిన్నెకీ, గరిటెకీ, మగ్గుకీ నాన్న ఎర్రదారం కట్టాడు. ఎర్రదారం కట్టినవేవీ వంటింటి గడప దాటకూడదు. రంగు పొడి దారానికే గానీ కడుపులోకి కాదు. అమ్మయితే ఇంకో మాట కూడా అంది. "ఆ సామాను ఒక్కటి నా వంటింట్లో కనబడిందా, నీ మగ్గం వీధిలో ఉంటుంది. తర్వాత నన్నేమీ అనొద్దు."

నవ్వుతూనే అంది. కానీ అమ్మ నవ్వుతూ అన్న మాటల్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక ఆ పొద్దున జరిగింది ఇదీ. నాన్న నీలం రంగు వేశాడు. పనయ్యాక, "గరిటె కడిగి లోపల మేకుకి తగిలించమ్మా," అన్నాడు. పిచ్చుక కడిగింది. కడుగుతుంటే గరిటె కాడకున్న ఎర్రదారం కంటబడింది. స్కూల్ బ్యాగు జిప్పు కొక్కెం ఊడిపోయి వారమైంది. ఈ దారం దానికి కడితే ఎంత బాగుంటుందో! గరిటెకి తర్వాత ఇంకోటి కట్టొచ్చులే అనుకుంది. దారం విప్పేసింది. గరిటెని వరండా గోడ మీద ఆరబెట్టి, బ్యాగు దగ్గరికి ఒకటే పరుగు. జిప్పుకి ముడి వేసింది. గరిటె సంగతి గాలికి వదిలేసింది.

అమ్మ ఆ దారిన వచ్చింది. గోడ మీద శుభ్రంగా మెరుస్తున్న స్టీలు గరిటె కనిపించింది. వంటింట్లోదీ అదీ ఒకే షాపులో జతగా కొన్నవి. "నా గరిటె ఇక్కడికెలా వచ్చిందబ్బా!" అనుకుంటూ తీసుకెళ్లిపోయింది.

ఇప్పుడు అదే గరిటె సూప్‌లో ఉంది. కాడ మీద దారం ఉన్నచోట సన్నని నీలం గీత. తెలిసినవాళ్లకే కనిపిస్తుంది. అది తెలిసింది పిచ్చుక ఒక్కదానికే.

చెప్పెయ్, అనుకుంది. ఇప్పుడే చెప్పెయ్.

అప్పుడే నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "అమ్మా, నీలం ఎంత బాగా పట్టిందో తెలుసా! అంచుకి సరిగ్గా సరిపోతుంది. నీ మంచం పక్కన వేస్తే పొద్దున్నే కాళ్లకి చల్లటి నేల తగలదు," అన్నాడు నాయనమ్మతో. ఆయన మొహం వెలిగిపోతోంది.

మగ్గం వీధిలో పడి ఉన్నట్టు పిచ్చుక కళ్లకి కనిపించింది. ఏమీ చెప్పకుండానే ప్లేట్లు తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టింది.

అమ్మ అందరి గిన్నెల్లోనూ సూప్ పోసింది.

"నాకొద్దు," అంది పిచ్చుక. "ఆకలి లేదు."

అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదే! సరే, కాసేపాగి తిను."

తమ్ముడు చప్పుడు చేస్తూ జుర్రుకున్నాడు. నాన్న తాగాడు, అమ్మ తాగింది. నాయనమ్మయితే, "ఇవాళ భలే కుదిరిందే," అని గిన్నె మళ్లీ ముందుకు జరిపింది. అమ్మ ఆ గరిటెతోనే ఇంకాస్త పోసింది. నాయనమ్మ చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడల్లా పిచ్చుక గుటక మింగింది.

భోజనాలయ్యాయి. నాయనమ్మ తన గదిలో నడుం వాల్చింది. పిచ్చుక చప్పుడు కాకుండా వెళ్లి మంచం పక్కన నిలబడింది. నాయనమ్మ కదలట్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. వెచ్చగా గాలి తగిలింది. హమ్మయ్య! కానీ ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు. ఊపిరి మరీ మెల్లగా ఆడుతోందా? రోజూ ఇంతేనా? రోజూ ఎవరు చూశారు గనక!

వరండాలోకి పరిగెత్తింది. నాన్న దారం ఆరవేస్తున్నాడు. బాగానే ఉన్నాడు. అమ్మ ఫోన్‌లో ఎవరితోనో నవ్వుతోంది. బాగానే ఉంది. మళ్లీ నాయనమ్మ దగ్గరికి వెళ్లబోయింది.

"అక్కా..."

తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. మొహం పాలిపోయింది.

"అక్కా, కడుపులో నొప్పి."

ఆ మాట పూర్తి కాకుండానే భళ్లున కక్కేశాడు.

పిచ్చుకకి పైప్రాణాలు పైనే పోయాయి. "నాన్నా! అమ్మా!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. "సూప్‌లో రంగు గరిటె పడింది! దారం నేనే విప్పాను! తమ్ముడు చచ్చిపోతాడు!"

అందరూ పరుగెత్తుకొచ్చారు. నాయనమ్మ కూడా లేచొచ్చింది. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుంది. నాన్న తిట్టలేదు. ఆయన గొంతు మాత్రం ఎప్పుడూ వినని గొంతులా ఉంది.

"గరిటె కడిగావా?"

"కడిగాను."

"సబ్బుతోనా? ఉత్త నీళ్లతోనా?"

"సబ్బుతో. బాగా రుద్దాను నాన్నా."

నాన్న రంగు డబ్బా తెచ్చి, డాక్టర్‌కి ఫోన్ చేసి, దాని మీద ఉన్నదంతా చదివి వినిపించాడు. చదువుతుంటే ఆయన చెయ్యి వణికింది. బస్సు స్టీరింగ్ పట్టుకునే చెయ్యి! అది చూసి పిచ్చుకకి ఇంకా భయం వేసింది.

"ఆఁ... అలాగే డాక్టర్ గారూ... కడిగిందట... మంచిది," అని నాన్న ఫోన్ పెట్టేశాడు. "సబ్బుతో కడిగితే ఏమంత భయం లేదన్నారు. అందరం నీళ్లు తాగాలి. వీడు మళ్లీ కక్కుకుంటే తీసుకురమ్మన్నారు. ఒరేయ్, సూప్ కాకుండా ఇంకేమైనా తిన్నావా?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "బిస్కెట్లు."

"ఎన్ని?"

"ప్యాకెట్‌లో ఉన్నన్ని."

"ఓరి నీ తిండి బంగారంగానూ!" అంది నాయనమ్మ. అమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తమ్ముడికి కాసేపట్లోనే నొప్పి తగ్గింది.

అమ్మ మిగిలిన సూప్ పారబోసింది. నాయనమ్మ పిచ్చుకని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "మీ గొడవలో మీరున్నారు గానీ, ఈ పిల్ల మధ్యాహ్నం ముద్ద కూడా ముట్టుకోలేదు. పాపం, ఆకలి లేదంది. ఏదైనా పెట్టవే దీనికి."

నాన్న పిచ్చుక వైపు తిరిగాడు.

"ఆకలి లేకనా?" అని మెల్లగా అడిగాడు.

పిచ్చుక అడ్డంగా తలూపింది. బల్ల తుడుస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండేది. తను తాగలేదు. తాగకూడదని తెలిసి తాగలేదు. నాయనమ్మని మాత్రం రెండోసారి కూడా తాగనిచ్చింది. అది ఇప్పుడు అర్థమై సిగ్గుతో చితికిపోయింది.

"మగ్గం... మగ్గం వీధిలో పడేస్తారని..." వెక్కుతూ అంది.

"పడేస్తే ఇంకోటి చేసుకుంటా. నాలుగు చెక్కలే కదా," అన్నాడు నాన్న. "మీ నాయనమ్మని ఎక్కడ కొనుక్కురానూ?"

"ఈ పాత సరుకు ఏ షాపులోనూ దొరకదులే," అంది నాయనమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

అమ్మ పిచ్చుక ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నేనన్న మాటకి ఇంత భయపడ్డావా? కోపం వస్తే అరుస్తానే, నిజమే. అరిచినా సరే, నాకు చెప్పాలి." పిచ్చుక అమ్మ మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు. మగ్గం కదల్లేదు గానీ, ఆ రోజు నుంచి రంగు కదపడానికి గరిటె పోయి చెక్క కర్ర వచ్చింది.

మళ్లీ సెలవు రోజు వచ్చింది. నాయనమ్మ తివాచీ సగానికి పైగా అయింది. నాన్న వరండాలో రంగు పనిలో ఉన్నాడు. పిచ్చుక మగ్గం దగ్గర కూర్చుని, నేసినచోట బయటికి పొడుచుకొచ్చిన దారప్పోగుల్ని కత్తెరతో కత్తిరిస్తోంది.

టప్‌మని చప్పుడైంది.

కత్తెర మొన పడుగులోకి దూరింది. మగ్గం మీద పైనుంచి కిందికి బిగించి కట్టిన నిలువు దారాల్లో ఒకటి తెగిపోయింది. తెగిన కొసలు అటొకటి ఇటొకటి జారిపోతున్నాయి.

గదిలో ఎవరూ లేరు. ఎవరూ చూడలేదు. కత్తెర పక్కన పెట్టి బయటికి వెళ్లిపోతే, గట్టిగా బిగించిన దారం కదా, దానంతటదే తెగిందనుకుంటారు. పిచ్చుకకి అంతా అచ్చం ఆ రోజులాగే అనిపించింది.

గబుక్కున రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుంది.

"నాన్నా!" అని అరిచింది. "పడుగు దారం తెగింది! నేనే తెంపాను! రా!"

"చేతులకి రంగుంది, కడుక్కుని వస్తున్నా!"

"తొందరగా రా నాన్నా, నాకు భయమేస్తోంది!"

వరండాలో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. నాన్న వచ్చేదాకా పిచ్చుక ఆ రెండు కొసల్నీ వదల్లేదు.