పచ్చదీపాల తోపు – ఒకటంటే కాదు, రెండంటే అవును

మూతబడ్డ కాగితం మిల్లు వెనక ఒక తోపు ఉంది. చీకటి పడితే అటు వెళ్ళడానికి కుక్కలు కూడా వెనకాడతాయంటారు. కుక్కల్ని ఎవరు అడిగారో మాత్రం ఎవరూ చెప్పరు.

మిల్లు నడిచే రోజుల్లో దుంగలు పేర్పించే మేస్త్రీ ఒకడు ఆ దుంగల కిందే నలిగి చనిపోయాడట. అప్పట్నుంచీ రాత్రిళ్ళు పచ్చదీపం పట్టుకుని చెట్ల మధ్య తిరుగుతున్నాడట. చూసినవాళ్ళు చాలామందే. ఒకరికి జ్వరం తగిలింది, ఒకరికి మాట పడిపోయింది, ఇంకొకరికి ఆ వంకతో నైట్ డ్యూటీ తప్పింది. ఎవరికి కావలసినట్టు వాళ్ళని పట్టింది ఆ దెయ్యం.

దాన్ని వదిలించింది కాలేజీలో బూజులూ పుట్టగొడుగులూ పాఠం చెప్పే మాస్టారు. పిల్లలు ఆయనకి బూజు మాస్టారని పేరు పెట్టుకున్నారు. ఆయన ఓ రాత్రి ఒంటరిగా వెళ్ళి, మెరుస్తున్న పుచ్చు చెక్క ఒకటి సీసాలో వేసుకొచ్చి అందరికీ చూపించారు.

"ఇదీ మీ మేస్త్రీ. కుళ్ళిన చెక్క మీద పెరిగే ఓ రకం పుట్టగొడుగు. చీకట్లో దానంతట అదే వెలుగుతుంది. పోయి పడుకోండి."

అందరూ హాయిగా పడుకున్నారు. మాస్టారికే నిద్ర పట్టడం మానేసింది. రెండు నెలలు తిరక్కుండా ఆయనే తోపులో మకాం పెట్టారు. మేస్త్రీ దెయ్యాన్ని నమ్మని మనిషి అంతకంటే పెద్దదాన్ని పట్టుకున్నారు... ఏకంగా భూమిని.

భూమికి తెలివి ఉందట. అది ఆలోచిస్తోందట. పైగా — ఆయనకి జవాబులు చెబుతోందట!

*

మాస్టారి భార్యకి ఒక చెల్లెలు. ఆసుపత్రుల్లో బీపీ యంత్రాలూ, కొట్లలో కాటాలూ, కాలేజీ ల్యాబుల్లో మీటర్లూ బాగుచేస్తుంది. సొంత పేరు ఎప్పుడో మరుగున పడింది. ఊరందరికీ ఆమె మీటరమ్మే. ఆమె చెయ్యి పడ్డాక ముల్లు అబద్ధం చెప్పదని పేరు.

"రేపు పొద్దున యూనివర్సిటీ పెద్దవాళ్ళు వస్తున్నారమ్మాయ్," అని బావగారు ఫోను చేశారు. "సభ పెట్టి ప్రకటిస్తాను. ఈ రాత్రికి వచ్చి, నా యంత్రంలో లోపం లేదని నువ్వో కాగితం రాసివ్వాలి."

మీటరమ్మకి విషయం తెలుసు. ఇంకొక్కసారి నలుగురిలో నవ్వులపాలైతే ఉద్యోగం ఉండదని ప్రిన్సిపాల్ ఆయనకి చెప్పేశాడు. వెంటనే అక్కకి ఫోను చేసింది.

"నువ్వూ రా అక్కా. ఇద్దరం చెబితే వింటారేమో."

"ఆ తోపుకా? రాత్రిపూటా? నాకు భయమే తల్లీ. ఒకటో తరగతి పిల్లలతో పొద్దుటినుంచీ అరిచి అరిచి గొంతు పోయింది. నేను పడుకుంటాను," అంది అక్క.

మీటరమ్మకీ భయమే. కానీ మీటరు పట్టుకుని తిరిగే మనిషి భయపడుతుందంటే బాగోదు కదా. టార్చీ రెండుసార్లు తట్టి చూసుకుని బయల్దేరింది.

*

తోపు మధ్యలో మిల్లువాళ్ళ పాత కాటా గది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, బ్యాటరీతో నడిచే ఒక పెట్టె. పెట్టెలోంచి బయల్దేరిన తీగలు కిటికీ దాటి, చెట్ల మొదళ్ళలో దిగేసిన ఇనుప చువ్వల దాకా పోతున్నాయి. చువ్వని ఆనుకున్న మట్టి కాస్త కదిలినా పెట్టె 'టిక్' అంటుంది.

"ఒక టిక్ అంటే కాదు. రెండు టిక్కులంటే అవును. ఈ ఒప్పందం నేనే భూమికి చెప్పాను," అన్నారు బావగారు.

"ఒప్పుకుందా?"

"రెండు టిక్కులు కొట్టింది."

మీటరమ్మ నవ్వు ఆపుకోడానికి దగ్గింది.

బావగారు ఆవేశంగా మొదలుపెట్టారు. పుట్టగొడుగంటే పైకి కనిపించే గొడుగు కాదట. అసలు ఒళ్ళంతా మట్టి కిందే, వెంట్రుకకంటే సన్నని దారాలై ఉంటుందట. ఆ దారాలు ఈ చెట్టు వేరునీ ఆ చెట్టు వేరునీ కలుపుతాయట. వాటిలో కరెంటు కొట్టుకుంటుందట. తోపు కింద ఒక అల్లిక, అడవి కింద ఇంకా పెద్ద అల్లిక... భూగోళమంతా అలా అల్లుకుని ఉంటే, అది మెదడు కాక మరేమిటి?

"బావగారూ, మా కొట్టు ముందు స్తంభం మీద ఇంతకంటే ఎక్కువ వైర్లున్నాయి. దానికి ఆలోచన మాట దేవుడెరుగు, వెలగమంటేనే వెలగదు."

ఆయనకి కోపం రాలేదు. మెల్లిగా అన్నారు: "నీ తలకాయ విప్పితే ఏముంటుందమ్మాయ్? కాస్త తడి, కాస్త ఉప్పు, సన్నని దారాలు. అందులో ఏ దారం నువ్వు?"

మీటరమ్మకి ఆ ప్రశ్న నచ్చలేదు.

మాట మార్చడానికి బల్ల మీది నోటుపుస్తకం తెరిచింది. నలభై రాత్రుల ప్రశ్నలూ జవాబులూ.

'బీపీ మాత్ర వేసుకోనా? — అవును. (చాలా గట్టిగా)'

'వంటింటి పైకప్పు కారుతోంది. ఈ నెలలోనే బాగుచేయించాలా? — అవును. అవును. అవును.'

'ఈ వయసులో వేణువు నేర్చుకోనా? — కాదు.'

'మా అత్తగారు ఇంకో నెల ఉంటే ఇబ్బందా? — కాదు.'

'విశ్వానికి అంతం ఉందా? — మౌనం.'

"చూశావా నిజాయితీ? తెలియనిదానికి నోరెత్తదు," అన్నారు బావగారు మురిసిపోతూ.

"ఈ అత్తగారి గొడవ భూమికెందుకండీ?"

"ముందు చిన్న ప్రశ్నలతో పరీక్షించాలి. పద్ధతంటే అదీ."

మీటరమ్మ పుస్తకం మూసింది. అన్ని కోట్ల ఏళ్ళ నుంచీ తిరుగుతున్న గ్రహం... సముద్రాలూ అగ్నిపర్వతాలూ అన్నీ వదిలేసి వంటింటి కప్పు దగ్గర ఆగిందన్నమాట.

*

పెట్టె విప్పి చూసింది. లోపం లేదు. ఇక తీగలు చూడాలి. టార్చీ వేసుకుని బయటికి నడిచింది.

మొదటి చువ్వ సరిగ్గానే ఉంది. రెండోది సరిగ్గానే ఉంది. మూడో చువ్వ దగ్గరికి వచ్చేసరికి టార్చీ వెలుగు సన్నగిల్లింది... తట్టింది... ఆరిపోయింది.

అప్పుడు కనిపించాయి. పచ్చదీపాలు.

ఒకటి కాదు... పది... పాతిక. పడిపోయిన ప్రతి దుంగ మీదా, ప్రతి మోడు మీదా, చల్లని పచ్చటి వెలుగు. బావగారు సీసాలో చూపించినప్పుడు ఎంత ముద్దుగా ఉండేదో! ఇక్కడ మాత్రం వెయ్యి కళ్ళు ఒకేసారి విప్పినట్టుంది. పుట్టగొడుగులే, పుట్టగొడుగులే అని పైకే అనుకుంది.

వెనక గదిలోంచి బావగారి మాట వినిపించింది. "మా మరదలు కాగితం రాసిస్తుందా?"

టిక్... టిక్.

ఆ రెండు టిక్కులకీ ముందు ఇంకో చప్పుడు విన్నది మీటరమ్మ. చాలా దగ్గర్లో. మెత్తగా... తడి నేల మీద అడుగు వేసినట్టు. ధప్... ధప్.

ఆరిపోయిన టార్చీని కర్రలా ఎత్తి పట్టుకుంది.

ఆఖరి చువ్వ దగ్గర, పెద్ద మోడు వెనక, తెల్లగా ఒక ఆకారం నిలబడి ఉంది. ముసుగు. చేతిలో ఏమీ లేదు. చెప్పులు లేవు. పచ్చటి వెలుగులో పాదాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి.

మేస్త్రీ... అనబోయింది.

ఆకారం మెల్లిగా ఇటు తిరిగింది. వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్... అరిచావంటే చంపేస్తాను. ఆయన వింటారు."

అక్క!

*

మోడు పక్కన మిల్లువాళ్ళు యంత్రం కోసం కట్టిన పాత సిమెంటు దిమ్మ ఉంది. అక్క చెల్లెల్ని దాని మీదికి లాగి కూర్చోబెట్టింది.

"నువ్వా... నలభై రాత్రులూ నువ్వేనా?" అంది మీటరమ్మ గుసగుసగా.

"మొదటిరోజు కారియర్ తెచ్చాను. చీకట్లో ఈ చువ్వ పక్కన కాలు వేశాను. లోపల టిక్ అంది. 'ధన్యోస్మి తల్లీ' అన్నారాయన. పెళ్ళై పద్దెనిమిదేళ్ళు... నా వంటకి ఒక్కనాడు అనలేదే ఆ మాట."

"అందుకని?"

"రెండోరోజు మాత్ర వేసుకోనా అని అడిగారు. అదే మాత్ర కోసం నేను మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఆయన ఒప్పందం చెబుతుంటే విన్నాను కదా, రెండుసార్లు తొక్కాను. వెంటనే వేసుకున్నారు." అక్క ముసుగు సర్దుకుంది. "నేను చెబితే చెవిన పడదు. భూమి చెబితే శిరసావహిస్తారు. సరే, భూమే చెబుతుందిలే అనుకున్నాను."

"మరి రేపటి సభ? ఉద్యోగం పోతుందక్కా!"

"అందుకే వచ్చాను. అడగనీ. ఒక్కసారి తొక్కుతాను. వద్దంటే వద్దు. అంతటితో సరి."

అంతలో గదిలోంచి బావగారి గొంతు వచ్చింది. ఎన్నడూ లేనంత వినయంగా ఉంది.

"తల్లీ... రేపు నలుగురిలో చెప్పబోతున్నాను. ఇన్ని రాత్రులు నాతో మాట్లాడింది నువ్వేనని చెప్పనా?"

అక్క దిమ్మ అంచుకి జరిగింది. కాలు చాపింది. పాదం ఇంకా గాలిలోనే ఉంది...

టిక్.

ఒక్కటే.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ పాదం వంక చూశారు. అది నేలకి జానెడు ఎత్తులో ఉంది.

"నువ్వు తొక్కావా?" అంది అక్క.

"నేను నీ పక్కనే ఉన్నాను కదే!"

"వానపామేమో..."

"వానపామే," అంది మీటరమ్మ. ఇంత సమర్థమైన వానపామును ఆమె ఎప్పుడూ ఎరగదు.

గదిలో కుర్చీ కిర్రుమంది. తర్వాత బావగారు తడబడుతూ అడిగారు: "అంటే... నాతో మాట్లాడింది నువ్వు కాదా?"

టిక్.

అక్క రెండు కాళ్ళూ దిమ్మ మీదికి లాక్కుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"మరి... బయట ఎవరైనా ఉన్నారా?"

టిక్... టిక్.

చాడీ చెప్పడంలో ఒకటో తరగతి పిల్లలు నయం అనుకుంది అక్క.

తలుపు తెరుచుకుంది. లాంతరు వెలుగు చెట్ల మీదుగా ఊగుతూ వచ్చి, దిమ్మ మీద ముడుచుకుని కూర్చున్న ఇద్దరి మీదా ఆగింది. బావగారు భార్య ముఖం చూశారు. బురద పాదాలు చూశారు. చువ్వ చుట్టూ నున్నగా తొక్కుడుపడిన మట్టి చూశారు. ఎంతైనా చదువుకున్న మనిషి.

"మాత్ర?" అన్నారు.

"ఊఁ."

"కప్పు?"

"ఊఁ."

"వేణువు కూడానా?"

"అది మరీ ముఖ్యం," అంది అక్క, నేలచూపులు చూస్తూ.

తిడతారేమోనని మీటరమ్మ బిక్కచచ్చిపోయింది. ఆయన తిట్టలేదు. లాంతరు కింద పెట్టి, దిమ్మ మీద భార్య పక్కన కూలబడ్డారు.

"అయితే ఇన్నాళ్ళూ నేను మాట్లాడుతున్నది నీతోనా?"

"నాతోనే. ఇంట్లో ఎలాగూ కుదరడం లేదు కదండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత భార్య పాదాలకంటిన బురదని తన తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. అక్క వద్దండీ, వద్దండీ అంటూనే ఉంది గానీ, కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

"రేపు వచ్చేవాళ్ళకి జ్వరమని చెబుతాను. సభ లేదు," అన్నారు చివరికి. "కానీ ఒక్క మాట. ఆఖరి మూడు జవాబులు మాత్రం భలే ఇచ్చావోయ్. నీ గుట్టు నువ్వే బయటపెట్టుకున్నావేం?"

అక్క చెల్లెలి వంక చూసింది. చెల్లెలు అక్క వంక చూసింది.

"అవి నేను కాదండీ," అంది అక్క.

బావగారు మరదలి వైపు తిరిగారు. ఆమె అడ్డంగా తల ఊపింది.

ముగ్గురూ దిమ్మ మీదే ఉన్నారు. ఆరు పాదాల్లో ఆయనవి రెండే నేల మీద ఉన్నాయి. ఆయన వాటినీ మెల్లిగా పైకి తీసుకున్నారు.

ఆకు కదల్లేదు. మోడు మీది పచ్చటి వెలుగు కాస్త పెరిగినట్టు అనిపించింది... అనిపించిందంతే.

అప్పుడు ఖాళీ గదిలో పెట్టె మోగింది.

టిక్... టిక్.

ఈసారి దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. దేనికి అవునన్నదో అడగడానికి ముగ్గురిలో ఎవరికీ నోరు రాలేదు.