గేజ్ నిలవని ఇల్లు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మధ్యాహ్నం మూడు దాటింది. బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, చలికి ముక్కు ఎగబీలుస్తూ, చంద్రిక ఈ పనులిచ్చే కంపెనీని తిట్టుకుంటోంది.

ఖాళీ ఇళ్లలో నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా, వాటిని ఖాళీ చేసి, లోపలికి గాలి కొట్టాలి. ఎక్కడా లీకు లేదనడానికి, గాలి ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ముప్పై అయిదు మీద పావుగంట నిలబడిందని ఫోటో పంపాలి. తాళానికి ఫోటో, తాళంచెవికి ఫోటో, ఆఖరికి కమోడ్‌కి మూడు వైపుల నుంచీ ఫోటో. పెళ్లికూతురికైనా ఇన్ని తియ్యరు! ఇప్పటికే రెండు పనులు రిజెక్టయ్యాయి. నాలుగింటిలోగా ఇది కూడా కాకపోతే లిస్టులోంచి పేరు తీసేస్తామన్నారు. మొగుడి ఉద్యోగం ఊడిన ఇంట్లో ఆ పేరే అన్నం పెడుతోంది.

ముల్లు పడిపోయింది.

పైన ఎక్కడో 'స్స్స్' మని గాలి. వెళ్లి చూస్తే మేడమీద బాత్‌రూమ్ కుళాయి తిప్పి ఉంది. పక్క గదిలో ఖాళీ రోగి మంచం, మగ్గిన మందుల వాసన. బిగించి వచ్చి, మళ్లీ గాలి కొట్టింది. మళ్లీ పడింది. ఈసారి వంటింటి కుళాయి.

ఫోన్ మోగింది. హైదరాబాద్ ఆఫీసులో రాత్రి షిఫ్టులో కూర్చుని ఫోటోలు తనిఖీ చేసే తేజేశ్వర్.

"అక్కా, గేజ్ ఫోటో ఏది?"

"నీ గేజ్ తగలెయ్య! కుళాయిలు వాటంతటవే తిరుగుతున్నాయి."

"ఎవరైనా ఉన్నారేమో చూడండి. అయినా ఇల్లు ఖాళీ అని పోయిన నెల రిపోర్టిచ్చింది మీరేగా?"

చంద్రికకి గుర్తొచ్చింది. ఆ రోజు తొమ్మిది ఇళ్లు చూసి రమ్మన్నారు. ఈ ఇంటి తలుపు తట్టలేదు. కారు దిగకుండానే 'ఖాళీ' అని టిక్కు పెట్టేసింది. మర్నాడే నీళ్లు కట్టేశారు. ఆ మంచం మీద అప్పుడెవరైనా ఉన్నారో లేదో ఎవరూ చూడలేదు. ఇవాళ గదులన్నీ తిరిగింది, ఎవరూ లేరు.

ఎవరూ... లేరు.

ఫోన్ పెట్టేసి మూడోసారి గాలి కొట్టింది. ఈసారి చప్పుడు మేడమీద కాదు. వంటింట్లో కాదు. ఆమె వెనకాలే... బట్టలుతికే సింకు దగ్గర.

తిరిగి చూడలేదు. గుసగుసగా అంది.

"నీళ్లు లేవమ్మా... ఒట్టు... చుక్క కూడా లేదు."

చప్పుడు ఆగింది.

ముల్లు నిలబడింది. అయిదు నిమిషాలు... పది... పదిహేను. ఫోటో తీసి పంపింది. నాలుగింటికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

వెంటనే ఫోన్.

"సూపర్ అక్కా, అప్రూవ్ కొట్టేశా. ఫోటోలో మనుషులుండకూడదని రూలు కదా, ఆ చెయ్యి మాత్రం క్రాప్ చేసేశాను."

"ఏ చెయ్యి?"

"అదే, గేజ్ పక్కన ఖాళీ గ్లాసు చాపిన చెయ్యి. హెల్పర్‌ని పెట్టుకున్నారా?"

చంద్రిక సింకు వైపు తిరిగింది. ఫోన్ పట్టుకున్న చేతికి చల్లని గాజు అంచు తగిలింది.

ఒకసారి. కాసేపు ఆగి... మరోసారి.